సుధామణి ఎక్కిన గుర్రం

ఆ బుధవారం కోసం సుధామణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొంటలో ఆరున్నర బస్సు ఎక్కాలి. కిష్టారం దారిలో తునికిపాడు మలుపు, అక్కడివాళ్ళ మాటలో ‘మోడ్’, దగ్గర దిగాలి. పొద్దు నడినెత్తికి రాకముందే పెళ్ళింటికి చేరి పెళ్ళికొడుకు చెంపలకు మొదటి పసుపు రాయాలి. చీకటి పడేలోగా తిరిగొచ్చి ఇంటి తాళం తీయాలి. ఇందులో గుర్రం లేదు. యాభై రెండేళ్ళలో ఆవిడ వేసుకున్న ఏ పథకంలోనూ గుర్రం లేదు.

భర్త రాఘవయ్య పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే బజారువీధి కొట్టుని మరిది కాశయ్య చూసుకుంటున్నాడు. కొట్టు వెనక రెండు గదుల్లో సుధామణి ఉంటోంది. ఆ గదుల్లో మాట్లాడే వస్తువులు రెండే, కుక్కరూ ఫోనూ. కుక్కరు మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. ఫోన్లో ఒక ఆడగొంతు రోజూ మీ రీచార్జి గడువు ముగియబోతోందని హెచ్చరిస్తుంది. అది రికార్డని తెలిసినా సుధామణి “సరేనమ్మా, చేయిస్తా” అనే పెట్టేస్తుంది. అంత శ్రద్ధగా పలకరించేవాళ్ళకు జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు.

రాఘవయ్య ఉన్నప్పుడు వీధిలో ఏ పెళ్ళయినా సుధామణిని గుమ్మంలో నిలబెట్టి, బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు. ఇప్పుడు శుభలేఖని కిటికీ ఊచల మధ్య గుచ్చి పోతున్నారు. గాలికి అది లోపల పడితే ఆవిడకు పిలుపు అందినట్టు, బయట పడితే మేకకు అందినట్టు. ఎటు పడినా పెళ్ళికి మాత్రం ఎవరూ వెళ్ళరు.

అలాంటి ఇంటికి పది రోజుల కిందట తునికిపాడు భీమే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టుకి చింతపండు మోసుకొచ్చే మనిషి. ఆమె కొడుకు ముకేష్ కొంట బడిలో చదివిన అయిదేళ్ళూ సాయంత్రం అన్నం సుధామణి దగ్గరే తిన్నాడు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో జీపు నడుపుతున్నాడు.

భీమే మెట్టు మీద కూర్చుని, నీళ్ళు తాగి, విషయం చెప్పింది. “మా ముకేష్ పెండ్లి అక్కా. నువ్వు రావాలె. మొదటి పసుపు నువ్వే పెట్టాలె.”

“నేనా? నేను పెట్టగూడదే భీమే.”

“ఎందుకు, చేతికేమయింది?” అంటూ భీమే నిజంగానే ఆవిడ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “మంచిగనే ఉంది గదా. అయిదేండ్లు వానికి అన్నం పెట్టిన చెయ్యి. మోడ్ కాడ దిగి నిలబడు. గాడీ పంపుతం. ఏం అడగక్కర్లే, ఎక్కి కూసో.”

ఈ సంగతి విన్న తోడికోడలు వరలక్ష్మి రెండే మాటలు అంది. “పెళ్ళికా? నువ్వా?” ఆ రెండు ప్రశ్నార్థకాలు సుధామణి గొంతులో పది రోజులు ఇరుక్కున్నాయి. అయినా తొమ్మిదో రోజు మినుములు వేయించి, బెల్లం కొట్టి, నలభై సున్నుండలు చుట్టి స్టీలు డబ్బాలో సర్దింది. లేత నిమ్మపండు రంగు చీర ఇస్త్రీ చేసుకుంది.

బస్సు ఎనిమిదికల్లా ఆవిడను మోడ్ దగ్గర దించి దుమ్ము రేపుకుంటూ పోయింది. అక్కడ ఒక మైలురాయి, ఒక చింతచెట్టు, దూరంగా కొండ. ఇంకేమీ లేవు. సుధామణి నల్ల గొడుగు విప్పి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని మైలురాయి మీద కూర్చుంది. తొమ్మిది దాటింది. రారేమో అని ఒకసారి అనుకుంది. రాకపోతే ఏం చేయాలన్నది ఆలోచించి పెట్టుకోలేదు. అంతదాకా ఆలోచిస్తే అసలు బయల్దేరేదే కాదు.

అప్పుడు ఒక పిక్‌అప్ బండి వచ్చి ఆగింది. వెనక తలుపు పలక దించితే అందులోంచి ఒక తెల్లని ఆడగుర్రం దిగింది. వీపు మీద అద్దాలు కుట్టిన ఎర్ర మఖమల్ గుడ్డ, నుదుటన కుచ్చు, కాళ్ళకు మువ్వలు. దాని వెంట ఎండిన చింతబరికెలా ఉన్న అరవై ఏళ్ళ మనిషి దిగాడు. తలపాగా ఎర్రది, చెప్పుల్లో ఒకదానికి పట్టీ తెగింది. లోపలి దారి కల్వర్టు కూలిందని బండివాడు అక్కణ్ణుంచే వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఆ మనిషి నేరుగా సుధామణి దగ్గరికొచ్చి హిందీలో అడిగాడు. “తునికిపాడు పెళ్ళికేనా మాతాజీ?”

“అవును.”

“మోడ్ దగ్గర మీరుంటారని చెప్పారు. పదండి.”

సుధామణి గుర్రం వైపు చూసింది. గాడీ అంటే మోటారు సైకిలో, ఎడ్లబండో అనుకుంది. వీళ్ళు గుర్రం పంపారు! ఎన్నాళ్ళుగానో ఎవరూ గుమ్మం తొక్కని మనిషికి, మువ్వలు కట్టి మరీ గుర్రం పంపారు. కళ్ళు చెమ్మగిల్లితే దుమ్ము పడినట్టు తుడుచుకుని, “ఎట్లా ఎక్కాలి?” అని అడిగింది.

జగదల్‌పూర్ నుంచి వచ్చిన మంగల్ అనే ఆ గుర్రపాయన ఒక్క క్షణం తటపటాయించాడు. అసలు సంగతి ఏమిటంటే ఆ గుర్రం పెళ్ళికొడుకుది. జగదల్‌పూర్ బారాత్ ఊరేగింపుల్లో దూల్హాలు, అంటే పెళ్ళికొడుకులు, గుర్రాలెక్కడం చూసీ చూసీ ముకేష్ తానూ ఎక్కి తీరాలనుకున్నాడు. “పెండ్లికూతురే మనింటికి నడిచొచ్చే ఆచారంరా మనది. నువ్వు గుర్రమెక్కి ఎక్కడికి పోతవ్?” అని భీమే అడిగితే, “పొలిమేర దాకా పోయి తిరిగొస్తా” అన్నాడు. ఇక మోటారు సైకిల్ మీద సుధామణిని ఎక్కించుకుని, గుర్రానికి దారి చూపించి తీసుకురావలసిన మనిషి ముకేష్ బాబాయి లక్మా. మంగల్‌కు చెప్పింది మాత్రం “మోడ్ దగ్గర మా మనిషి ఉంటారు, దారి వాళ్ళకు తెలుసు” అనే. ఆ సమయానికి లక్మా నాలుగు కిలోమీటర్ల అవతల పంక్చరైన టైరు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

దారి చూపే మనిషి నడిచే చూపించాలని ఎవరూ చెప్పలేదు కదా అనుకుని మంగల్ గుర్రాన్ని మైలురాయి పక్కకు తెచ్చాడు. మూడో ప్రయత్నంలో సుధామణి ఎక్కింది. రెండో ప్రయత్నం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

గుర్రం కదల్లేదు.

“దీని పేరు చమ్కీ మాతాజీ. బాజా లేనిదే నడవదు. పుట్టినప్పట్నుంచీ పెళ్ళిళ్ళే గదా. నా ఫోన్లో బ్యాండు పాట ఉంది కానీ ఛార్జింగ్ అయిపోయింది.”

సుధామణి కాసేపు ఆలోచించి, ఒళ్ళోని స్టీలు డబ్బా మీద రెండు దెబ్బలు వేసింది. చమ్కీ చెవులు నిక్కబొడుచుకుంది. ఇంకో నాలుగు వేసింది. చమ్కీ మువ్వలు మోగిస్తూ, నడుము తిప్పుకుంటూ బయల్దేరింది. ఇలా ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో డబ్బా వాయిస్తూ సుధామణి తన జీవితంలో మొదటిసారి స్వారీ చేసింది. లోపల సున్నుండలు ఒక్కొక్కటే మళ్ళీ పిండి అవుతున్నాయి.

ఇసుక వాగు దగ్గర మంగల్ ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టాడు. ఎండకు ఇసుక పెనంలా ఉంది. సుధామణే అంది, “మీరూ ఎక్కండి భయ్యా. కాళ్ళు బొబ్బలెక్కుతయ్.” ఆయన వెనక ఎక్కి, తామిద్దరి మధ్య తన తలపాగా మూట పెట్టాడు. మర్యాద విషయంలో ఆయన అంత పట్టింపుగలవాడు.

వాగు దాటాక దారి రెండుగా చీలింది. మంగల్ ఆమె చెప్తుందని ఎదురుచూశాడు. సుధామణి ఆయన తిప్పుతాడని ఎదురుచూసింది.

“చెప్పండి మాతాజీ,” అన్నాడు.

ప్రతి మలుపు దగ్గరా ఎక్కిన మనిషిని అడిగి తిప్పడం గుర్రాలవాళ్ళ పద్ధతి కాబోలు అనుకుని సుధామణి మురిసిపోయింది. “మీ ఇష్టం.”

“మీ ఇష్టమే మాతాజీ.”

“అయ్యో, నాదేముంది. మీరెటంటే అటే.”

ఇద్దరు మర్యాదస్తులు ఒక గుర్రం మీద కూర్చుంటే నిర్ణయం గుర్రమే తీసుకోవాలి. ఎడమవైపు దారిలో ఎక్కడో దూరంగా డోళ్ళు మోగుతున్నాయి. చమ్కీ అటు తిరిగింది.

సరిగ్గా అప్పుడే స్టీలు గిన్నెలు కట్టుకున్న మోటారు సైకిల్ మీద సంతకు పోతున్న గోపీ ఎదురయ్యాడు. బజారువీధివాడే, సుధామణికి వరసకు కొడుకు. “పెద్దమ్మా!” అని అరవబోయి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. గొడుగు అడ్డం ఉండటంతో ఆవిడ వాణ్ణి చూడలేదు. గుర్రం దాటిపోయాక వాడు తేరుకుని, వెనక నుంచి ఒక ఫోటో తీశాడు. తాటిచెట్టు కింద ఒక్క గీత నెట్‌వర్క్ దొరికితే దాన్ని ‘బజారువీధి శుభోదయం’ గ్రూపులో పెట్టాడు. “మన సుధామణి పెద్దమ్మ. గుర్రం పెళ్ళి గుర్రం. వెనక ఉన్నాయన ఎవరో తెలవదు.” రోజూ గులాబీలూ, సుభాషితాలూ తప్ప ఇంకేమీ ఎరగని ఆ గ్రూపులో నిమిషంలో అరవై మంది మేలుకున్నారు. గోపీ ఇక సంత మానుకుని గుర్రం వెనకే బండి తిప్పాడు.

డోళ్ళు మోగుతున్న ఊరు ఇప్పలగూడెం. ఆ రోజు అక్కడ మామిడికాయల పండుగ. ఊరంతా ఒకచోట కూడి, వంటలు చేసుకుని, ఏం జరిగినా బాగుండు అనుకునే సమయంలో, నిమ్మపండు రంగు చీర కట్టి, గొడుగు పట్టి, మువ్వల గుర్రం మీద వాయించుకుంటూ ఒకావిడ దిగబడింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికోసం కదిలివెళ్ళేది ఆడపిల్ల. పెళ్ళికొడుకు ఇంటి దగ్గరే కూర్చుంటాడు. కాబట్టి అలంకరించిన గుర్రం మీద ఆడమనిషి వస్తే ఇక ఆలోచించడానికేం లేదు.

“పెండ్లికూతురు ఒచ్చింది!” అని ఆయతి అనే పెద్దావిడ కేకవేసింది. దారిన పోయే పెళ్ళికూతుర్ని నీళ్ళివ్వకుండా, పసుపు పెట్టకుండా పంపితే ఊరి పరువు పోతుంది. నలుగురు ఆడవాళ్ళు సుధామణిని దించి పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు కడిగారు. ఇదే పెళ్ళిల్లు అనుకున్న సుధామణి, ఏమి ఆదరం అనుకుంటూ భీమే కోసం చూస్తోంది. ఈలోగా ఆయతి రెండు చేతులా పసుపు తీసి ఆవిడ చెంపలకు పులిమేసింది.

సుధామణి ఉలిక్కిపడింది. “అయ్యయ్యో, నాకు కాదమ్మా! పెళ్ళికూతుర్ని నేను కాదు.”

“అందరూ అట్లనే అంటరు. సిగ్గు.”

“సిగ్గు కాదు తల్లీ. నా మొగుడు పోయి రెండేళ్ళయింది.”

ఆయతి ఆవిడ తల నిమిరింది. “రెండేళ్ళు ఒక్కదానివే ఉన్నవా? శానా ఆలస్యం చేసినవ్ బిడ్డా. పోనీలే, ఇప్పటికన్నా వచ్చినవ్.”

“నాకు యాభై రెండు!”

“మా చిన్నత్త అరవైలో చేసుకుంది. పళ్ళు లేకపాయె, అయినా చేసుకుంది.”

“ఆయనెవరో నాకు తెలవనే తెలవదు!”

“పెండ్లికి ముందు ఎవరికి తెలుస్తది?” అంది ఆయతి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తమ తమ మొగుళ్ళ వైపు చూసి, ఇదీ నిజమే అన్నట్టు తలలాడించారు.

ఇటు ఈ వాదన నడుస్తుండగా అటు ఊరి పెద్ద మాసా, మంగల్‌ను చెట్టు నీడలో కూర్చోబెట్టి ఆకుదొప్పలో లంద పోసి ఇచ్చాడు. లంద అంటే బియ్యం పులియబెట్టి చేసే కల్లు, తెల్లగా, పుల్లగా, చల్లగా ఉంటుంది. మంగల్‌కు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. గటగటా తాగి ఇంకో దొప్ప అడిగాడు. పెద్దమనిషి చేతి లంద మగవాడు తాగాడంటే సంబంధానికి ఒప్పుకున్నట్టే ఆ ఊళ్ళో లెక్క. రెండోది అడిగి మరీ తాగాడంటే ఆత్రం మీద ఉన్నాడని. డోళ్ళు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. చమ్కీ ఆడింది. ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు తింటూ మరీ ఆడింది.

ఊరి చివర నిలబడ్డ గోపీ ఒక ముసలాయన్ని అడిగాడు. “ఏంది తాతా సంగతి?”

“పెండ్లి. మొగోడు లంద తాగిండు. ఖాయమయింది.”

గోపీ మళ్ళీ తాటిచెట్టు దాకా పోయి గ్రూపులో ఒకే ఒక్క మాట పెట్టాడు. “అయిపోయింది.”

సుధామణి పీట మీదే కూర్చుని ఉంది. చెంపల మీద పసుపు ఆరి చర్మం బిగుసుకుంటోంది. తుడుచుకుందామని కొంగు ఎత్తింది, ఎత్తిన చెయ్యి మళ్ళీ దించేసింది. ఇంకాసేపు ఉండనీ అనుకుంది. ఈ చెంపలను ఇంకో మనిషి చెయ్యి తాకి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానుకుంది. అప్పుడు కళ్ళు చేతి గడియారం మీద పడ్డాయి. పన్నెండు కావస్తోంది.

లేచి మంగల్ దగ్గరికి పోయింది. “భయ్యా, తునికిపాడు ఇంకెంత దూరం?”

“అది మీరే చెప్పాలి మాతాజీ.”

“నేనెట్లా చెప్తా? నన్ను తీసుకుపోయే మనిషివి నువ్వు.”

“నాకు దారి చూపే మనిషి మీరు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మంగల్‌కు లంద మత్తు దిగిపోయింది.

“అయితే ఈ గుర్రం...” సుధామణి ఆగి అడిగింది. “ఈ గుర్రం నా కోసం పంపింది కాదా?”

“దూల్హా కోసం మాతాజీ.”

రెండు గంటల పాటు, వాగు మీదుగా, ఎండలో, ఎవరో తన కోసం గుర్రం పంపారని ఆవిడ నమ్మింది. ఇప్పుడు ఆ రెండు గంటలూ తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డబ్బా వైపు చూసింది. మూత సొట్టలు పోయి ఉంది.

మంగల్ నేల చూస్తూ అన్నాడు. “గుర్రం మన లాంటివాళ్ళ కోసం రాదు దీదీ. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు పోతున్నా. పందిట్లో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. విస్తరి బయటికే పంపిస్తారు. నేనూ చమ్కీ తినేసి వచ్చేస్తాం.” మాతాజీ దీదీ అయిందని ఇద్దరూ గమనించలేదు.

“మొదటి పసుపు నేను పెట్టాలి,” అంది సుధామణి, ఆయనతోనో ఆయతితోనో తెలియకుండా. “నన్ను రమ్మని పిలిచింది ఆ ఒక్కతే. పొద్దు తిరిగిపోతోంది. నేను రాననుకుని వేరేవాళ్ళతో పెట్టించేస్తారు.” కన్నీళ్ళు పసుపు మీద రెండు చారలు గీశాయి.

ఆయతికి ఏడుపు అర్థమైంది కానీ మిగతాది తనకు తోచినట్టు అర్థమైంది. “తునికిపాడా? ఈ కొండ అవతలే. మా ఆడబిడ్డ ఊరు. పొద్దు తిరిగిందని పెండ్లి ఆగుతదా? మేం దింపుతం, లే.” పెళ్ళికూతుర్ని ఒంటరిగా పంపే ఆచారం లేదు. డోళ్ళు లేనిదే గుర్రమూ నడవదు. అందుకని ఇప్పలగూడెం మొత్తం, లంద కుండలతో సహా, కొండదారి పట్టింది.

ఈలోగా కొంటలో ‘అయిపోయింది’ అన్న మాట చదివిన కాశయ్య కొట్టు షట్టరు దించాడు. సరుకుల జీపులో భార్య వరలక్ష్మినీ, గ్రూపులో అందరికంటే గట్టిగా బాధపడిన నలుగురినీ ఎక్కించుకుని, గతుకుల అడ్డదారిన తునికిపాడుకి పరుగు పెట్టించాడు. వదిన అక్కడికే పోతానంది కాబట్టి ఆచూకీ అక్కడే తెలియాలి. చేరేసరికి ఒంటిగంట. పందిట్లో ముకేష్ బంగారు రంగు షేర్వానీలో చెమటలు కక్కుతూ, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పెళ్ళికూతురు లక్కే తన ఊరివాళ్ళతో తొమ్మిదింటికే నడిచొచ్చి, రెండుసార్లు భోంచేసి, స్తంభానికి చేరగిలబడి ఉంది.

“వదిన రాలేదా?” కాశయ్య భీమేని అడిగాడు.

“అక్కా రాలే, గుర్రమూ రాలే. గుర్రం రాందే పసుపు కూడా పెట్టించుకోనని వీడు పట్టుబట్టిండు,” అని భీమే తల కొట్టుకుంటుండగానే కొండ మీద నుంచి డోళ్ళు వినిపించాయి.

ముందు డోళ్ళు, వెనక నూరు మంది, మధ్యలో పసుపు చెంపలతో, నల్ల గొడుగుతో గుర్రం మీద సుధామణి. పందిట్లో పెళ్ళికూతురు లేచి నిలబడి, “ఇంకొకామె ఎవరే?” అని తల్లిని అడిగింది.

కాశయ్య ఎదురు పరుగెత్తాడు. “ఏంది వదినా ఈ పని! మాకు ఒక్క మాట చెప్తే వద్దంటమా?” వద్దనేవాడే. ఆ సంగతి సుధామణికీ తెలుసు, జీపులో వచ్చిన నలుగురికీ తెలుసు. కాశయ్యకే తెలియదు.

మాసా ఆయన్ని ఎగాదిగా చూశాడు. “నువ్వు పిల్ల తరపు మనిషివా? ఇన్నాళ్ళకు కనిపించినవ్. ఇదో, తాగు.” ఆవేశంతో, ఎండతో గొంతెండిన కాశయ్య దొప్పలోని తెల్లటిది మజ్జిగనుకుని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. జన్మలో మందు ముట్టని మనిషి. పిల్ల తరపు కూడా ఒప్పుకుందని ఇప్పలగూడెం అంతా ఈలలు వేసింది. వరలక్ష్మి పక్కనున్న స్తంభం పట్టుకుంది. అది లక్కే చేరగిలబడిన స్తంభం కాబట్టి ఆమెనే పట్టుకున్నట్టయింది.

తరవాత పావుగంట అందరూ ఒకేసారి మాట్లాడారు. సుధామణి తెలుగులో, మంగల్ హిందీలో, మాసా తమ దోర్లీ భాషలో జరిగింది చెప్పారు. ముకేష్ మూడు భాషల్లోనూ గుర్రాన్ని ఎందుకు ఆలస్యం చేశారని అడిగాడు. చివరికి భీమే అందర్నీ తోసుకుంటూ వచ్చి సుధామణి చెయ్యి పట్టుకుంది.

“ఆలస్యమైపోయింది గదా భీమే,” అంది సుధామణి.

“ఏం కాలే. గుర్రం రాందే ఎట్లా మొదలయితది? గుర్రం నీ కాడ ఉండె.” భీమే పసుపు గిన్నె ముందుకు తోసింది. “పెట్టు.”

సుధామణి గిన్నెలో వేళ్ళు ముంచి ఆగింది. ఎదురుగా వరలక్ష్మి నిలబడి ఉంది.

“మళ్ళా చేతికేమయింది?” అంది భీమే.

చేతికి ఏమీ కాలేదు. సుధామణి ముకేష్ చెంపలకు పసుపు రాసింది. వాడు చిన్నప్పుడు అన్నం ముద్దకు ఒంగినట్టే ఒంగాడు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ముకేష్ గుర్రమెక్కాడు. రెండూళ్ళ డోళ్ళు కలిసి మోగాయి. కడుపునిండా ఇప్పపువ్వు తిన్న చమ్కీ ఒక్క అడుగు వేయలేదు. ఈల వేశారు, తోశారు, మంగల్ బతిమాలాడు. అది మెడ తిప్పి సుధామణి చేతిలోని డబ్బా వైపే చూస్తోంది.

“దీదీ,” అన్నాడు మంగల్, “దానికి పొద్దున్నించీ మీ బాజా అలవాటైపోయింది. కొంచెం ముందు నడుస్తారా?”

పెళ్ళికి బయల్దేరేవాళ్ళకు ఎదురు రాకూడదని రెండేళ్ళుగా శుభకార్యం వేళల్లో తలుపు మూసుకు కూర్చున్న మనిషి సుధామణి. ఆవిడ బజారువీధివాళ్ళ వైపు ఒకసారి చూసింది. తరవాత అందరికంటే ముందుకెళ్ళి నిలబడి, సొట్టలు పోయిన డబ్బా మీద దెబ్బ వేసింది. చమ్కీ నడుము తిప్పుకుంటూ వెనకే కదిలింది. పెళ్ళికొడుక్కి ముందు సుధామణి, వెనక రెండూళ్ళు, అన్నిటికంటే వెనక ఒక దొప్ప లందతో ప్రపంచం మీద ప్రేమ పుట్టిన కాశయ్య చేతులెత్తి ఆడుతూ, పొలిమేర దాకా పోయి తిరిగొచ్చారు. పంక్చరు వేయించుకున్న లక్మా సరిగ్గా అప్పుడు చేరుకుని, “మోడ్ కాడ ఎవరూ లేరు” అని చెప్పాడు.

భోజనాల వేళ మంగల్‌కు అలవాటు ప్రకారం విస్తరి బయటికే పంపించారు. సుధామణి తన విస్తరి తీసుకుని వెళ్ళి గుర్రం నీడలో ఆయన పక్కన కూర్చుంది. డబ్బా మూత తీసి, ఇద్దరూ చెరో పిడికెడు సున్నుండల పిండి బుగ్గన వేసుకున్నారు. చమ్కీకి కూడా పెట్టారు. లేచేముందు ఒకరి ఫోను నంబరు ఒకరు తీసుకున్నారు.

మర్నాడు ఉదయం పదింటికి, సుధామణి కుక్కరు పెట్టేలోపే తలుపు తట్టిన చప్పుడైంది. వరలక్ష్మి. “ఊరికే వచ్చానక్కా.” ఆ వెనకే ఎదురింటి పార్వతి, మధ్యాహ్నం, ముందురోజు జీపులో వచ్చిన నలుగురూ, సాయంత్రం గ్రూపులో మిగిలినవాళ్ళూ వచ్చారు. అందరూ ఊరికే వచ్చారు. అందరూ టీ తాగారు. మంగల్ కేవలం గుర్రపాయన అని పందిట్లో అన్ని భాషల్లో విన్నవాళ్ళకు కూడా, అంత సులువుగా ఉండి ఉండదని అనుమానం. ఆదివారం పార్వతి తన కూతురి సీమంతానికి, గుమ్మంలో నిలబెట్టి మరీ బొట్టు పెట్టి పిలిచింది. పిలిచి, కూర్చుని, “ఇంతకీ ఆయన...” అంటూ ఆగింది.

అప్పుడే సుధామణి ఫోను మోగింది. తెర మీద ‘మంగల్, గుర్రం’ అని పడింది. గదిలో ఒక్క గ్లాసు కూడా చప్పుడు చేయలేదు. సుధామణి ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది.

“దీదీ, మీ డబ్బా చమ్కీ జీను సంచిలో ఉండిపోయింది. రేపు కొంట బస్సులో పంపించేయనా?”

సుధామణి కిటికీలోంచి లోపలికి చూసింది. ఆరుగురు ఆడవాళ్ళు మెడలు సాచి కూర్చున్నారు. స్టవ్ మీద రెండో విడత టీ పొంగుతోంది.

“తొందరేం లేదు భయ్యా,” అంది గొంతు కొంచెం తగ్గించి. “వచ్చే వారం మళ్ళీ ఒకసారి ఫోన్ చేసి అడుగు.”

డబ్బా ఇప్పటికీ జగదల్‌పూర్‌లోనే ఉంది.